వచ్చే ఆదివారం మ్యాచ్‌కు ముందు మా కోచ్ గారికి, సెలెక్షన్ కమిటీకి ఒక ఉత్తరం

గౌరవనీయులైన కోచ్ గారికి, మేనేజర్ గారికి, సెలెక్షన్ కమిటీ పెద్దలకు నమస్కారం.

మొన్న ఆదివారం ఎగ్మోర్‌లోని మేయర్ రాధాకృష్ణన్ స్టేడియంలో మన హాకీ జట్టు మొదటి క్వాలిఫయర్ ఓడిపోయింది. సగం ఆట అయ్యేసరికి 2-0తో ముందున్నాం. చివరికి 3-2తో ఓడాం. జనం వెళ్లిపోతున్నారు. నీళ్ల కుళాయి దగ్గర మన ఆరో నంబరు కుర్రాడు షిన్‌గార్డులు కూడా విప్పకుండా నిలబడి ఉన్నాడు. మొహం కడుక్కుంటున్నాడేమో అనుకున్నాను. దగ్గరికి వెళ్లి చూస్తే ఏడుస్తున్నాడు. "అన్నా, నేను ఎక్కడ నిలబడాలో నాకే తెలియలేదన్నా" అన్నాడు.

ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు మనసు మనసులో లేదు. ఈ ఉత్తరం రాయడానికి కారణం ఆ ఒక్క మాటే.

లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచాం కాబట్టి ఐపీఎల్‌లో లాగానే మనకు ఇంకో అవకాశం మిగిలింది. వచ్చే ఆదివారం రెండో క్వాలిఫయర్ గెలిస్తే ఫైనల్ ఆడతాం. మ్యాచ్ అయిన రోజే నేను మేనేజర్ గారితో మాట్లాడబోయాను. "టోర్నమెంట్ అయ్యాక అందరం కూర్చుందాం" అన్నారు. ఆయన మంచి మనసుతోనే అన్నారు. కానీ టోర్నమెంట్ అయ్యాక కూర్చుంటే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అవుతుంది. అందుకే ఇప్పుడే, అందరికీ తెలిసేలా రాస్తున్నాను. ఈ క్లబ్ మీది, నాది మాత్రమే కాదు. టర్ఫ్ అద్దెకు నెలనెలా చందా ఇస్తున్న పెరంబూర్, వ్యాసర్పాడి, కొరుక్కుపేట తెలుగు కుటుంబాలది కూడా. కాంపోజిట్ స్టిక్ కొనివ్వడానికి జీతంలోంచి నెలల తరబడి దాచిపెట్టిన తండ్రులను నేను ఎరుగుదును. వాళ్లు ఆ రోజు గ్యాలరీలో నన్ను అడిగిన ప్రశ్నలే ఇవి.

నా గురించి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. నేను ఈ క్లబ్‌కు పదకొండేళ్లు లెఫ్ట్ హాఫ్‌గా, అంటే ఫార్వర్డులకూ బ్యాకులకూ మధ్య వరసలో ఎడమవైపు ఆడాను. మా నాన్న రైల్వేలో పనిచేశారు. 1996లో ఛాంపియన్స్ ట్రోఫీ మన ఊళ్లోనే జరిగినప్పుడు ఆయన నన్ను సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని పురసవాక్కం మీదుగా ఈ స్టేడియానికే తీసుకొచ్చారు. ఆ తర్వాత ఈ మైదానంలో పెద్ద టోర్నమెంట్ ఏది జరిగినా నేను వెళ్లకుండా ఉండలేదు. 2007 ఆసియా కప్ చూశాను. 2023లో ఆసియన్ ఛాంపియన్స్ ట్రోఫీ ఫైనల్‌కు మా అక్క కొడుకును వెంటబెట్టుకుని వెళ్లాను. 2025 డిసెంబర్‌లో జూనియర్ ప్రపంచ కప్‌కూ వెళ్లాను. హాకీ నాకు కాలక్షేపం కాదు, మా ఇంట్లో అన్నం తిన్నంత సహజం.

ముందుగా మీకు చెప్పాల్సిన కృతజ్ఞత ఉంది, కోచ్ గారూ. ఈ జట్టును కట్టింది మీరే. తెల్లవారుజామున అయిదింటికి టర్ఫ్ దొరికితే నాలుగున్నరకే అక్కడుండేది మీరే. గత ఏడాది అడుగున ఉన్న జట్టు ఈ ఏడాది లీగ్‌లో మొదటి స్థానానికి వచ్చిందంటే ఆ కష్టం మీది. లీగ్‌లో మీరు ఆడించిన హాకీ చూసి పాత ఆటగాళ్లం ఒకరి మొహాలు ఒకరు చూసుకుని నవ్వుకున్నాం, అంత బాగుంది. నేను అడుగుతున్నది కొత్తదేమీ కాదు. ఆ జట్టునే, మీరు తయారుచేసిన ఆ ఆటనే మళ్లీ చూపించమంటున్నాను.

క్వాలిఫయర్‌కు మీరు ఒక సీనియర్‌ను పదకొండు మందిలోకి తీసుకొచ్చారు. ఆయనకు ఆఫీసు జట్టు డ్యూటీ అయిపోయి సెలవు దొరికింది, పెద్ద మ్యాచ్‌లు ఆడిన మనిషి, నాకౌట్‌లో అనుభవం కావాలి అనుకున్నారు. ఆయన నాకూ స్నేహితుడే, గొప్ప ఆటగాడు, అందులో రెండో మాట లేదు. కానీ ఆయన జీవితమంతా ఆడింది రైట్ హాఫ్. మన రైట్ హాఫ్ కుర్రాడు పెనాల్టీ కార్నర్‌లో (ఎదుటివాళ్ల తప్పుకు మనకు దొరికే గోల్ అవకాశంలో) బేస్‌లైన్ నుంచి వచ్చే బంతిని ట్రాప్ చేసి, కొట్టేవాడికి ఆపి పెట్టేవాడు కాబట్టి వాణ్ని తీయలేరు. అందుకని సీనియర్‌ను లెఫ్ట్ హాఫ్‌లో నిలబెట్టారు. లీగ్ అంతా లెఫ్ట్ హాఫ్ ఆడిన ఆరో నంబరు కుర్రాణ్ని సెంటర్ హాఫ్‌కు జరిపారు. లీగ్ అంతా సెంటర్ హాఫ్ ఆడిన ఎనిమిదో నంబరును బెంచీ మీద కూర్చోబెట్టారు. ఒక్క మనిషిని లోపలికి తేవడానికి మూడు చోట్లు కదిలాయి. పైగా అవి జట్టుకు వెన్నెముక లాంటి చోట్లు.

హాకీ ఆడని తల్లిదండ్రుల కోసం ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి. క్రికెట్‌లో ఎడమచేతి బ్యాట్స్‌మన్ ఉంటాడు. హాకీలో ఎడమచేతి స్టిక్ అనేదే లేదు. అందరి స్టిక్కూ ఒకే రకం, చదునుగా ఉండే వైపుతోనే ఆడాలి. అందువల్ల ప్రతి ఆటగాడికీ కుడివైపు బలం, ఎడమవైపు లోటు. రైట్ హాఫ్‌కు సైడ్‌లైన్ తన కుడిచేతి వైపు ఉంటుంది. గీత పట్టుకుని పరిగెత్తేవాణ్ని ఫోర్‌హ్యాండ్‌తో ఆపేస్తాడు. లెఫ్ట్ హాఫ్ బతుకు అలా కాదు. గీత వాడి ఎడమవైపు ఉంటుంది. ఎదుటి రైట్ వింగర్ బంతిని తన కుడివైపు, అంటే సరిగ్గా ఆ గీత వైపే పెట్టుకుని దూసుకొస్తాడు. అక్కడ లెఫ్ట్ హాఫ్ చేతిలో ఉన్నది రివర్స్ స్టిక్, అంటే స్టిక్‌ను తిప్పి పట్టి ఎడమవైపు ఆడటం ఒక్కటే. అందుకే లెఫ్ట్ హాఫ్ ముందు కాళ్లతో ఆడాలి, ఆ తర్వాతే స్టిక్‌తో. ఎడమకాలు ముందే గీత వైపు వేసి దారి మూసేయాలి. వింగర్ లోపలికి తిరగక తప్పని పరిస్థితి తేవాలి. లోపలికి తిరిగాడా, ఇక మన ఫోర్‌హ్యాండ్‌కు దొరుకుతాడు, పక్కనే సెంటర్ హాఫ్ కూడా ఉంటాడు.

నాకు ఇది నేర్పిన గురువు గారు సైడ్‌లైన్‌కు అడుగు దూరంలో తన రెండు చెప్పులు విడిచి, ఎర్రటి ఎండలో వట్టి కాళ్లతో నిలబడేవారు. వింగర్ వచ్చిన ప్రతిసారీ నా ఎడమకాలు ఆ చెప్పు మీద పడాలి. పడకపోతే మళ్లీ మొదటి నుంచి. ఒక సీజన్ మొత్తం అదే పని. ఆ అడుగు ఆలోచించి వేసేది కాదు, ఒంటికి పట్టాల్సింది. ఆరో నంబరు కుర్రాడికి అది పట్టింది. లీగ్‌లో వాడి ఎడమకాలు చూస్తుంటే మా గురువు గారి చెప్పులే గుర్తొచ్చేవి.

ఆదివారం 34వ నిమిషంలో ఏం జరిగిందో మీరూ చూశారు. వాళ్ల రైట్ వింగర్ గీత మీదుగా వచ్చాడు. సీనియర్ తన అలవాటు ప్రకారం కుడివైపు బరువు వేసి ఎదురెళ్లాడు. వింగర్ ఆయన ఎడమవైపు నుంచి, గీతకూ ఆయనకూ మధ్య ఉన్న సందులోంచి జారిపోయాడు. సెంటర్ హాఫ్‌లో ఉన్న మన కుర్రాడికి అది తను కాపలా కాసే చోటు, ఒంట్లో ఉన్న అలవాటు. ఊరుకోలేక ఎడమవైపు పరిగెత్తాడు. మధ్యలో డి (గోల్ ముందు గీసిన అర్ధవృత్తం) పైభాగం ఖాళీ అయింది. వింగర్ బేస్‌లైన్ దాకా వెళ్లి వెనక్కి తోసిన బంతి ఆ ఖాళీలోనే వాళ్ల ఇన్‌సైడ్ ఫార్వర్డ్‌కు దొరికింది. గోల్. అప్పుడు డగౌట్ నుంచి "మిడిల్ వదలొద్దు" అని గట్టిగా కేకలు వినిపించాయి. 41వ నిమిషంలో మళ్లీ అదే వింగర్, అదే సందు. ఈసారి కుర్రాడు చెప్పిన మాట విని మధ్యలోనే ఉండిపోయాడు. వింగర్‌ను ఆపడానికి ఎవ్వరూ లేరు, వాడే లోపలికొచ్చి కొట్టాడు. పరిగెత్తితే ఒక గోల్, నిలబడితే ఇంకో గోల్. పంతొమ్మిదేళ్ల పిల్లాడు ఏం చేయాలి సార్? "ఎక్కడ నిలబడాలో తెలియలేదన్నా" అన్నది అందుకే. ఇందులో వాడి తప్పూ లేదు, సీనియర్ తప్పూ లేదు.

ఎనిమిదో నంబరును కూర్చోబెట్టడం వల్ల పోయినది ఇంకొకటి ఉంది. అది స్కోర్ షీట్‌లో కనిపించదు. వాడి గొంతు. లీగ్ మ్యాచ్‌లలో గ్యాలరీలో పై వరసలో కూర్చున్నా వాడి కేకలు వినిపించేవి. "వెనక!", "లెఫ్ట్‌లో ఒకడు!", "ఆగు, తొందరొద్దు!" సగం తెలుగు, సగం తమిళం, మధ్యలో ఇంగ్లీషు. బంతి అందుకునేవాడికి వీపు వెనక కళ్లుండవు, ఆ కళ్లు సెంటర్ హాఫ్ నోరే. ఆదివారం రెండో సగంలో ఒకచోట నేను కావాలనే కళ్లు మూసుకుని విన్నాను. అవతలి జట్టు అరుపులే వినిపించాయి. మన వైపు నిశ్శబ్దం. ఆరో నంబరు కుర్రాడు మంచివాడు, నెమ్మదస్తుడు, మైదానంలో పెదవి విప్పడు. వాణ్ని సెంటర్ హాఫ్‌లో పెట్టినప్పుడు ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదా?

ఇక 2-0 తర్వాత ఆడిన ఆట. ఇల్లు అలకగానే పండగ కాదని మన పెద్దలు ఊరికే అనలేదు. విరామం తర్వాత మన ఫార్వర్డులు కూడా సగం గీత దాటి వెళ్లలేదు. పది మందీ మన 23 మీటర్ల గీత లోపలే గుంపుగా నిలబడ్డారు. గోల్ కాపాడుకుందామనే ఆలోచన నాకు అర్థమవుతుంది. చెన్నై ఉక్కపోతలో పిల్లలు అలిసిపోతారన్న భయమూ అర్థమవుతుంది. కానీ హాకీలో ఆఫ్‌సైడ్ (బంతి కంటే ముందే వెళ్లి గోల్ దగ్గర కాచుకోకుండా ఆపే రూల్) తీసేసి పాతికేళ్లు దాటింది. మనం వెనక్కి తగ్గిన కొద్దీ వాళ్లు ఇద్దరు కాకపోతే నలుగుర్ని తెచ్చి మన డిలో నిలబెట్టగలరు. డిలో కాళ్లు ఎక్కువైతే ఏ బంతో ఒకటి మనవాడి పాదానికి తగులుతుంది, తగిలితే పెనాల్టీ కార్నర్. వెనక్కి వెళ్లి నిలబడటం అలుపు తగ్గించడం కూడా కాదు. బంతి మన దగ్గర ఉన్నప్పుడు పరిగెత్తితే వచ్చే అలుపు వేరు, బంతి వెనక పరిగెత్తితే వచ్చే అలుపు వేరు. రెండోది మనిషిని పిండేస్తుంది.

లీగ్‌లో మనం ఆధిక్యం ఎలా కాపాడుకున్నామో గుర్తు చేసుకోండి. వాళ్ల ఫుల్ బ్యాక్ బంతి తీసుకోగానే మన సెంటర్ ఫార్వర్డ్ లోపలి దారి మూసేవాడు. బ్యాక్ గత్యంతరం లేక గీత వెంబడి కొట్టేవాడు. ఆ బంతి కోసం మన హాఫ్ ముందే కాచుకుని ఉండేవాడు. వాళ్ల సగంలోనే బంతి లాక్కునేవాళ్లం. ప్రేక్షకులకు దూకుడుగా కనిపించేది గానీ, నిజానికి అదే మన డిఫెన్స్. గెలుస్తున్నప్పుడు దాన్ని వదిలేయడం ఎందుకు?

మన దేశ జట్టుకే ఈ దెబ్బ తగిలింది. 2023 జనవరిలో భువనేశ్వర్‌లో ప్రపంచ కప్ క్రాసోవర్ మ్యాచ్. న్యూజిలాండ్ మీద 3-1తో ముందున్న మన జట్టు 3-3 దగ్గర ఆగి, షూటౌట్‌లో ఓడి క్వార్టర్ ఫైనల్ చేరకుండానే ఇంటికొచ్చింది. అదే ఏడాది ఆగస్టులో మన కళ్ల ముందు, ఇదే ఎగ్మోర్ మైదానంలో, ఆసియన్ ఛాంపియన్స్ ట్రోఫీ ఫైనల్లో మలేషియా సగం ఆటకు 3-1తో ముందుంది. ఆ రోజు నేను, మా అక్క కొడుకు గోల్ వెనక వైపు కూర్చున్నాం. 45వ నిమిషంలో హర్మన్‌ప్రీత్ ఒకటి, ఆ వెంటనే గుర్జంత్ ఒకటి. స్టేడియం ఊగిపోయింది. 56వ నిమిషంలో ఆకాశ్‌దీప్ కొట్టిన గోల్‌తో 4-3. రెండు గోల్స్ ఆధిక్యం అంటే ఈ ఆటలో ఎంతసేపు నిలుస్తుందో ఆ నీలం టర్ఫే మనకు చూపించింది.

ఇప్పుడు నన్ను ఎక్కువ బాధపెట్టిన విషయానికి వస్తాను. పెనాల్టీ కార్నర్.

మన పదమూడో నంబరు డ్రాగ్ ఫ్లిక్ (బంతిని కొట్టకుండా స్టిక్‌తో లాగి విసిరే షాట్) వేస్తే ఈ టోర్నమెంట్‌లో ఏ గోల్‌కీపర్‌కైనా టెన్షనే. మొదటి సగంలో మన రెండో గోల్ అలా వచ్చిందే. ఇలాంటి ఆటగాడు ఒక్కడే ఉన్న జట్టు వాణ్ని దేవుడి గుళ్లో దీపంలా చూసుకోవాలి. హాకీలో ఎన్నిసార్లయినా ఆటగాళ్లను మార్చుకోవచ్చు, కానీ పెనాల్టీ కార్నర్ ఇచ్చిన క్షణం నుంచి అది పూర్తయ్యే దాకా బెంచీ మీద ఉన్నవాణ్ని లోపలికి పంపడానికి లేదు. ఈ రూల్ మీకు నాకంటే బాగా తెలుసు. అయినా ఆదివారం మార్పులన్నీ గడియారం చూసి జరిగాయి. అయిదు నిమిషాలు కాగానే ఫార్వర్డు బయటికి, అయిదు నిమిషాలు కాగానే లోపలికి. మేనేజర్ గారి చేతిలో స్టాప్‌వాచ్ నేను చూశాను. మూడో క్వార్టర్ మధ్యలో ఒక పెనాల్టీ కార్నర్, నాలుగో క్వార్టర్‌లో ఇంకొకటి. రెండుసార్లూ పదమూడో నంబరు బెంచీ మీద తువ్వాలు భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. రెండోసారి వాడు రెండు చేతులూ తల మీద పెట్టుకుని గీత దగ్గర దాకా వచ్చి ఆగిపోయాడు. ఆ బొమ్మ నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

ఫ్లిక్కర్ లేకపోతే మిగిలేది హిట్. ఆ మొదటి హిట్ గోల్‌లోకి వెళ్లేటప్పుడు గోల్ అడుగున ఉండే బోర్డు ఎత్తు, అంటే 460 మిల్లీమీటర్లు దాటకూడదు. ఫ్లిక్‌కు ఆ కట్టుబాటు లేదు, పై మూలకైనా వేయొచ్చు. కాబట్టి హిట్ వస్తుందని తెలిసిన గోల్‌కీపర్ నేల మీద అడ్డంగా పడుకుంటే చాలు, సగం గోల్ మూసుకుపోతుంది. వాళ్ల గోలీ రెండుసార్లూ అదే చేశాడు. స్కోరు 2-1 ఉన్నప్పుడు ఒకటి, 2-2 ఉన్నప్పుడు ఒకటి. ఈ రెండింటిలో ఒక్క ఫ్లిక్ పడినా మనం ఈపాటికి ఫైనల్ ఏర్పాట్లలో ఉండేవాళ్లం.

బంతి వాళ్ల 23 మీటర్ల గీత లోపల ఉన్నంతసేపు పదమూడో నంబరును బయటికి తీయకండి. అలుపు తీర్చుకోవాలంటే బంతి మన వైపు ఉన్నప్పుడు తీయండి. అది గడియారం చెప్పదు, ఆట చూసే కన్ను చెప్పాలి. రెండో మాట, మన దగ్గర రెండో ఫ్లిక్కర్ ఉన్నాడు. మీ బెంచీ చివర కూర్చునే పదిహేడో నంబరు. మూడు నెలలుగా ప్రాక్టీస్ అయిపోయాక వాడొక్కడే ఒక బకెట్ బంతులు ముందేసుకుని, గోల్ పై మూలకు పాత సైకిల్ టైరు వేలాడదీసి ఫ్లిక్కులు వేస్తుంటాడు. వాచ్‌మన్ లైట్లు ఆర్పేసే దాకా వేస్తాడు. వారం కిందట నేను నిలబడి లెక్కపెట్టాను, పదింటిలో ఆరు టైరు లోంచి వెళ్లాయి. ట్రాపర్‌తో కలిసి వాడికి ఈ వారం రోజూ ఓ ఇరవై కార్నర్లు వేయించండి.

మూడో గోల్ గురించి కూడా చెప్పాలి. 56వ నిమిషంలో మన ఫస్ట్ రషర్‌కు గ్రీన్ కార్డు వచ్చి రెండు నిమిషాలు బయటికి వెళ్లాడు. వెళ్లిన అర నిమిషానికే వాళ్లకు పెనాల్టీ కార్నర్. మొహానికి మాస్కు కట్టుకుని ఫ్లిక్కర్ మీదికి ప్రాణాలకు తెగించి పరిగెత్తే ఆ పని, ఈ జట్టులో ఇంకెవరికీ నేర్పలేదు. పరిగెత్తమని అప్పటికప్పుడు చెప్పిన కుర్రాడు ఒక అడుగు ఆలస్యంగా, ఒక అడుగు పక్కగా వెళ్లాడు. గోలీకి అడ్డమయ్యాడు, బంతికి అడ్డం కాలేదు. 2024 పారిస్ ఒలింపిక్స్ గుర్తుందా? బ్రిటన్‌తో క్వార్టర్ ఫైనల్లో మన ఫస్ట్ రషర్ అమిత్ రోహిదాస్‌కు 17వ నిమిషంలోనే రెడ్ కార్డు పడింది. పది మందితోనే మిగతా మ్యాచ్ అంతా పోరాడి, 1-1 మీద నిలిచి, షూటౌట్‌లో 4-2తో గెలిచారు. కానీ నిషేధం వల్ల జర్మనీతో సెమీఫైనల్‌కు రోహిదాస్ లేడు. జర్మనీ మొదటి గోల్ పెనాల్టీ కార్నర్ నుంచే వచ్చింది, కొట్టినవాడు హాకీ ఇండియా లీగ్‌లో మన హైదరాబాద్ తూఫాన్స్‌కు ఆడిన గొంజాలో పెయాట్. ఆ మ్యాచ్ 3-2తో పోయింది. రషర్ అనేవాడు ఎప్పుడు లేకుండా పోతాడో ఎవరి చేతుల్లోనూ లేదు. కనీసం ఇద్దరు, వీలైతే ముగ్గురు తయారుగా ఉండాలి.

గోల్‌కీపర్ మీద మాత్రం నాకు ఫిర్యాదు లేదు. మూడు గోల్స్ పడ్డా వాడు ఆపినవి అంతకు మించి ఉన్నాయి. షూటౌట్ దాకా వెళితే ఎవరెవరు కొడతారో, ఏ వరసలో కొడతారో ఆ అయిదుగురికీ ముందే తెలియాలి. ఎనిమిది సెకన్లలో గోలీని దాటించాలి, ఆ లెక్క ఒంటికి అలవాటు కావాలి. ఇది మీకు చెప్పాల్సిన పని లేదు.

కమిటీ పెద్దలకు ప్రత్యేకంగా ఒక మాట. సీనియర్‌ను ఆడించమని మీ వైపు నుంచి ఒత్తిడి వచ్చిందని అందరూ అంటున్నారు. నిజమెంతో నేను తేల్చలేను, తేల్చాలనీ లేదు. కానీ అనుభవం అంటే ఏమిటో ఒక్కసారి ఆలోచించండి. లీగ్ అంతా పక్కపక్కన ఆడి, ఒకడి అడుగు ఇంకొకడికి తెలిసిన పదకొండు మందికి ఉన్నది కూడా అనుభవమే. సోమవారం రాత్రి ఆ సీనియరే నాకు ఫోన్ చేశాడు. "నన్ను నా కుడివైపు చివర ఇరవై నిమిషాలు ఆడించినా చాలురా, పిల్లల చోటు తీసుకుని నేను ఆడలేను" అన్నాడు. ఆయన అనుమతితోనే ఈ మాట ఇక్కడ రాస్తున్నాను. ఆయన పెద్దరికం చూసి నాకు కళ్లు చెమర్చాయి. ఆయన్ను బెంచీ మీద ఉంచండి, రైట్ హాఫ్ అలిసినప్పుడు పంపండి, మిగతా సేపు పిల్లల పక్కన నిలబడి ధైర్యం చెప్పనివ్వండి.

ఓడిన జట్టును వారంలో మళ్లీ నిలబెట్టడం కష్టమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 2025 డిసెంబర్ జూనియర్ ప్రపంచ కప్‌లో ఇదే స్టేడియంలో మన జూనియర్ జట్టు సెమీఫైనల్లో జర్మనీ చేతిలో 5-1తో ఓడింది. ఆ రాత్రి గేటు దాకా జనం తలలు దించుకునే నడిచారు. మూడు రోజుల తర్వాత కాంస్యం కోసం అర్జెంటీనాతో మ్యాచ్. మూడు క్వార్టర్లు అయ్యేసరికి 2-0తో వెనకబడి ఉన్నారు. మా ముందు వరసలోవాళ్లు కొందరు లేచి వెళ్లిపోయారు. ఆ చివరి క్వార్టర్‌లో అంకిత్ పాల్, మన్మీత్, శారదానంద్ తివారీ, అన్మోల్ ఎక్కా వరసగా నాలుగు గోల్స్ కొట్టారు. 4-2. కోచ్ శ్రీజేష్ మైదానంలోకి వచ్చి ఆ పిల్లల్ని హత్తుకుంటుంటే నేను నిలబడి చప్పట్లు కొట్టాను. వాళ్లకు దొరికింది మూడు రోజులే. మనకు ఇంకా అయిదు రోజులున్నాయి.

కోచ్ గారూ, ఆదివారం పొద్దున పేర్లు రాసేటప్పుడు ఆరో నంబరును ఎడమవైపు, ఎనిమిదో నంబరును మధ్యలో రాయండి. ముందుకు వెళ్లి బంతి లాక్కోమని చెప్పండి, 2-0 అయినా 3-0 అయినా అదే చెప్పండి. పదిహేడో నంబరును పద్దెనిమిది మందిలో ఉంచండి. ఓడినా ఈ ఆట ఆడి ఓడితే గ్యాలరీలో ఒక్కరు కూడా మిమ్మల్ని ఒక్క మాట అనరు, అననివ్వను.

ఆరో నంబరు కుర్రాడితో ఒక్కసారి మీరే మాట్లాడండి. వాడు రెండు రోజులుగా ప్రాక్టీస్‌కు రాలేదు. వాళ్ల ఇల్లు పెరంబూర్ మార్కెట్ వెనక సందులో ఉంది, నిన్న సాయంత్రం నేను వెళ్లాను. వాళ్లమ్మ కాఫీ ఇచ్చి, "స్టిక్ మంచం కింద పెట్టేశాడు బాబూ" అంది. నేను ఏం చెప్పినా వాడు తల ఊపాడు గానీ, వాడికి వినాల్సింది నా మాట కాదు, మీ మాట. మీరు వెళ్లి "నీ చోటు నీదే" అంటే ఆ నిమిషంలోనే స్టిక్ బయటికి తీస్తాడు.

శనివారం తెల్లవారుజామున ప్రాక్టీస్‌కు నేను వస్తాను. రైట్ వింగర్‌లా గీత మీద పరిగెత్తడానికి ఇంకా కాళ్లున్నాయి. వాడి ఎడమకాలు పడాల్సిన చోట నా చెప్పులు పెడతాను.

ఇట్లు,
మీ క్లబ్ పాత లెఫ్ట్ హాఫ్,
పెరంబూర్, చెన్నై.